970 కోట్ల మంది, ఒక తేమ మీటరు

మొన్న నల్లగొండలో, ఒకప్పటి బత్తాయి తోటలో కట్టిన ఒక ఫంక్షన్ హాలులో, సుస్థిర వ్యవసాయంపై సదస్సు జరిగింది. వేదిక ఎంపికను నేను తప్పుపట్టను. వక్తగారు మైకు సవరించుకుని, ముందు వరుసలోని రైతుల వైపు వేలు చూపి గంభీరంగా చెప్పారు: "2050 నాటికి ప్రపంచ జనాభా 970 కోట్లకు చేరుతుంది. అందరి కడుపు నింపే బాధ్యత మీ భుజాల మీదే ఉంది."

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయనది ఎకరం పది గుంటల పొలం. ఆయన భుజాల మీద అప్పటికే ఒక తువ్వాలు, బోరు బాకీ, బిడ్డ పెళ్లి బాకీ ఉన్నాయి. ఇప్పుడు 970 కోట్ల మంది కూడా ఎక్కారు. చోటు చాలుతుందా అని నేను కలవరపడుతుంటే, ఆయన నా చెవిలో అడిగారు: "సారూ, వీళ్లలో ఎవరికైనా తేమ మీటరు చూసే ఆయన తెలుసా?"

ఆ మీటరు మహిమ మీకు నేను చెప్పాలా? కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటకూడదు. పెద్దాయన యాసంగి వడ్లు కేంద్రానికి చేరి పద్దెనిమిది రోజులు. పొద్దున ఎండబోస్తారు, కాళ్లతో సాళ్లు తీసి తిరగేస్తారు, మధ్యాహ్నం గుప్పెడు తీసుకెళ్లి మీటరుకు నైవేద్యం పెడతారు. 18. సాయంత్రం మబ్బు, రాత్రి వాన. మర్నాడు 20. మళ్లీ ఎండబోస్తారు. ఒకనాడు 16 వచ్చింది, కానీ ఆ రోజు గోనె సంచులు లేవు. సంచులు వచ్చిన రోజు హమాలీలు లేరు. హమాలీలు వచ్చిన రోజు లారీ రాలేదు. అన్నీ కలిసొచ్చిన రోజు మీటరులో బ్యాటరీ అయిపోయింది. గ్రహణం ఎప్పుడో పంచాంగం చెబుతుంది, కాంటా ఎప్పుడో చెప్పే పంచాంగం ఇంకా అచ్చు కాలేదు.

ఈలోగా వక్తగారు, ప్రపంచంలో పండిన తిండిలో దాదాపు మూడో వంతు వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క చెప్పి గద్గదమయ్యారు. పెద్దాయన ఆశ్చర్యపోలేదు. ఆయన కుప్ప అడుగున అప్పటికే మొలకలు వచ్చాయి. మిగిలినదాంట్లో తాలు పేరుతో, తరుగు పేరుతో బస్తాకు ఇన్ని కిలోలని మిల్లులో కోస్తారు. అది వృథా లెక్కలోకి రాదు. ఎవరో తింటూనే ఉన్నారు కదా.

తర్వాతి వక్త చిరుధాన్యాల మనిషి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుందని గుర్తుచేసి, నీళ్లు తాగే వరి మానేసి జొన్నకు, సజ్జకు మళ్లమన్నారు. ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. జొన్న గటక తాగే పాలమూరును చూసి మొరటు తిండి అని మూతి విరిచింది ఎవరు? ఆ జనం కరువుకు బొంబాయి దాకా వలసపోయి మట్టి తట్టలు మోశారు. బోరు వేసుకుని, నాలుగు మడులు తడుపుకుని, ఇంట్లో తెల్లన్నం తినే రోజు రాగానే భూమికి ద్రోహం చేసినవాళ్లయ్యారు! జొన్న వేయమనే నోరు, ఏ ధరకు ఎవరు కొంటారో ఎందుకు చెప్పదు? పండించిన వడ్లనే రోడ్డు మీద నానబెట్టినవాళ్లు, ఇంకా పండించమని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

క్షమించాలి. సదస్సు మర్యాద మరిచాను.

వేదిక మీద ప్రతి వక్త ముందూ సీసా నీళ్లున్నాయి. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి శాస్త్ర గ్రంథాల్లో "నల్లగొండ టెక్నిక్" అని పేరు. ఆ పేరు కోసం మావాళ్లు, ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన తమ ఎముకలే ఇచ్చారు. ప్రపంచానికి ఇవ్వడం మాకు కొత్త కాదు.

ముగింపు ఉపన్యాసం మధ్యలో పెద్దాయన ఫోను మోగింది. కుప్ప దగ్గర కాపలా ఉన్న భార్య. మబ్బు పట్టిందట, కుప్ప మీద కప్పే పట్టా ఒక్కతే లాగలేకపోతోందట. ఆయన తువ్వాలు మరిచిపోయి పరుగెత్తారు.

"చూశారా," అన్నారు వక్తగారు, ఖాళీ కుర్చీ చూపించి, "రైతుల్లో ఇంకా అవగాహన రావాలి."