సిగరెట్‌లో తుపాకి మందు ఉందా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

సిగరెట్ ఆరిపోకుండా మండేందుకు కాగితంలో తుపాకి మందు కలుపుతారని, లోపల ఉండేది ఆకు కాదు ఫ్యాక్టరీలో ఊడ్చిన చెత్త అని, తయారైన సిగరెట్లను రేడియేషన్ కింద నుంచి పంపుతారని, ఫిల్టర్‌లో గాజు పీచు ఉంటుందని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మనిషిని చంపేది ఈ కల్తీయే గాని పొగాకు కాదని, స్వచ్ఛమైన ఆకుతో చుట్టిన చుట్టకు భయపడనక్కరలేదని అది ముగుస్తుంది. పొగ మాన్పించాలన్న మంచి ఉద్దేశంతోనే చాలామంది దీన్ని పంపుతున్నారు గాని, ఆ చివరి మాట చేసే పని అందుకు పూర్తిగా విరుద్ధం.

తుపాకి మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పొడి. అది సిగరెట్ కాగితంలో ఉండదు. సిగరెట్ కాగితాన్ని అవిసె నార లేదా కలప గుజ్జుతో చేసి, అందులో సుద్దను, అంటే కాల్షియం కార్బొనేట్‌ను, దండిగా కలుపుతారు. మంట వేగాన్ని అదుపు చేయడానికి కొద్దిగా సోడియం, పొటాషియం సిట్రేట్లు అనే లవణాలు వాడతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2004 నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2011 నుంచి, పీల్చకుండా వదిలేసిన సిగరెట్ దానంతటదే ఆరిపోవాలన్న నిబంధన కూడా ఉంది. అందుకోసం కాగితంలో గాలి అంతగా చొరని పట్టీలు పెడతారు.

చెత్త ఆరోపణలో సగం నిజం ఉంది కనుక దాన్ని కాస్త వివరంగా చూడాలి. ఒంగోలు ప్రాంతపు వేలం కేంద్రాల్లో కొన్న పొగాకు బేళ్లు ముందుగా ఆకు నుంచి ఈనెను విడదీసే ప్లాంట్లకు వెళ్తాయి. చీరాలకు ఆ పనిలో చాలాకాలంగా పేరుంది. విడదీసిన ఆకును తేమ సుమారు 12 శాతానికి దిగేలా మళ్లీ ఆరబెట్టి, పెట్టెల్లో నింపి, నెలల తరబడి మాగనిస్తారు. సిగరెట్ ఫ్యాక్టరీలో రకరకాల ఆకులను కలిపి, మిల్లీమీటరు కంటే సన్నగా తరుగుతారు. ఈనెలను పారేయరు, రోలర్ల మధ్య నలిపి, తరిగి, అందులోనే కలుపుతారు. మిగిలిన నుసిని, ముక్కలను నీళ్లలో నానబెట్టి సారం తీసి, పీచును కాగితం మిల్లులో లాగానే రేకుగా పరిచి, తీసిన సారాన్ని మళ్లీ దానికే పట్టించి, ఆ రేకును తరిగి వాడతారు. ఇది డబ్బు పెట్టి కొన్న ఆకులో రవ్వ కూడా వృథా పోకుండా చూసుకునే వ్యాపార లెక్క. నేల ఊడ్చిన చెత్తకూ దీనికీ సంబంధం లేదు.

పైగా యంత్రమే చెత్తను ఒప్పుకోదు. తరిగిన పొగాకును గాలి పైకి ఎగదోస్తే, చిల్లుల బెల్టు ఒకటి దాన్ని పైనుంచి పీల్చి తన అడుగున అంటించుకుంటుంది. తిరిగే బిళ్లలు ఎక్కువైన పొగాకును చెక్కేస్తూనే, సిగరెట్ కొన అయ్యే చోట మాత్రం కాస్త మందంగా వదులుతాయి. పెట్టెలో పొగాకు రాలిపోకుండా ఉండేది అందువల్లనే. ఆ పొగాకు, రీలు నుంచి వచ్చే కాగితం మీదికి దిగుతుంది, అంచు మడిచి జిగురు పెడితే తెగని కడ్డీ ఒకటి తయారవుతుంది, కత్తి దాన్ని ముక్కలు చేస్తుంది. 1880లలో అమెరికాలో బోన్సాక్ యంత్రం ఇదే సూత్రంతో, ఎడతెగని కడ్డీని కోస్తూ, నిమిషానికి సుమారు 200 సిగరెట్లు చేసింది. నేటి అత్యంత వేగవంతమైన యంత్రాలు 20,000 దాకా చేస్తాయి. ఆ వేగంలో ఒక గట్టి పుల్ల అడ్డొస్తే కాగితం చిరిగి కడ్డీ తెగుతుంది కాబట్టి, పుల్లలను గాలితో తూర్పారబట్టే అమరిక యంత్రంలోనే ఉంటుంది.

రేడియేషన్ మాటకూ ఒక మూలం ఉంది. పాత యంత్రాల్లో కడ్డీ సాంద్రతను కొలవడానికి స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం వెలువరించే బీటా కిరణాలను వాడేవారు. కొత్తవాటిలో మైక్రోవేవ్ కొలత వచ్చింది. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి రేడియోధార్మికుడు కానట్టే, ఆ కిరణాలు తగిలినంత మాత్రాన పొగాకూ కాదు. అయితే పొగలో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం ఉండే మాట వాస్తవమే, కానీ అది నేల నుంచి, గాలి నుంచి ఆకుకు చేరేది. ఫ్యాక్టరీ గడప తొక్కని ఆకులోనూ ఉంటుంది.

ఫిల్టర్‌ను చీల్చి చూస్తే తళతళలాడే తెల్లని పోగులు కనబడతాయి. అవి గాజు కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ పోగులు. 1950లలో అమెరికాలో కెంట్ బ్రాండు ఫిల్టర్‌లో ఆస్బెస్టాస్, అంటే క్యాన్సర్ కలిగించే రాతినార, వాడిన చరిత్ర మాత్రం నిజం. కంపెనీలను తప్పుపట్టాలంటే ఫిల్టర్ చుట్టూ లేజర్‌తో పొడిచిన సన్నని చిల్లుల దగ్గర పట్టుకోవాలి, సందేశం వాటి ఊసే ఎత్తదు. నిమిషానికోసారి 35 మిల్లీలీటర్లు పీల్చే పరీక్ష యంత్రం దగ్గర ఆ చిల్లుల గుండా గాలి కలిసి తారు, అంటే పొగలోని జిగట మసి, అంకె తగ్గుతుంది. మనిషి వేళ్లు, పెదవులు వాటిని మూసేస్తాయి, పైగా అతను గట్టిగా లాగుతాడు. ఈ అంకెలు చూపించే, తారు తక్కువన్న పేరుతో ‘లైట్’ సిగరెట్లు దశాబ్దాలు అమ్ముడుపోయాయి. 1950ల నుంచి సిగరెట్ రూపకల్పనలో వచ్చిన మార్పులు ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచాయని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ 2014 నివేదిక తేల్చింది.

ఇక స్వచ్ఛమైన ఆకు సంగతి. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు ప్రధానంగా ఆకును క్యూరింగ్ చేసే, అంటే కోసిన ఆకును ఆరబెట్టి పదును పెట్టే, దశలోనే పుడతాయి. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఏ ఆకును కాల్చినా వస్తాయి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పున్న కొనను నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే స్త్రీల చుట్టలో సిగరెట్ కాగితం లేదు, ఫిల్టర్ లేదు, యంత్రం అసలే లేదు. అంగిలి క్యాన్సర్‌కూ ఆ అలవాటుకూ ఉన్న సంబంధం వైద్య పరిశోధనల్లో దశాబ్దాల కిందటే నమోదైంది.