లెనిన్‌గ్రాడ్‌లో పోయిన హైదరాబాదీ

స్టాలిన్ రహస్య పోలీసు సంస్థ ఎన్‌కేవీడీ సోవియట్ దేశాన్ని కాపాడిందా, చంపుకు తిన్నదా? పార్టీలో చాలా ఏళ్లు పనిచేసిన బాబాయికీ, చరిత్ర చదువుకుంటున్న అన్న కూతురికీ జరిగిన వాదన ఇది.

బాబాయి: ముందు ఆ రోజులు ఎలాంటివో చూడమ్మా. 1933లో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. తూర్పున జపాన్ మంచూరియాలో తిష్ట వేసింది. కొత్తగా విప్లవం వచ్చిన దేశాన్ని ఎవడూ బతకనిచ్చేలా లేడు. అప్పుడు ఇంటిదొంగల్ని వెతకడం తప్పా?

అమ్మాయి: వెతకడం తప్పు కాదు బాబాయ్. కానీ ఎంతమంది దొరకాలో ముందే రాసుకుని వెతుకుతారా? 1937 జూలై 30న ఎన్‌కేవీడీ అధిపతి ఎజోవ్ ఇచ్చిన 00447 నంబరు ఆదేశంలో ఏ ప్రాంతానికి ఎంతమందో కోటా ఉంది. మొదటి కేటగిరీ అంటే కాల్చివేత. రెండోది అంటే 8 నుంచి 10 ఏళ్ల శిబిరం. తీర్పు చెప్పేది ట్రోయికా, అంటే ముగ్గురు అధికారులు. నిందితుడు ఎదురుగా ఉండక్కర్లేదు, వకీలు లేడు, అప్పీలు లేదు. కోటా అయిపోయాక ఇంకా కావాలని అడిగిన అధికారులు కూడా ఉన్నారు. రాత్రి వీధిలో కారు ఆగితే చాలు, ఎవరింటికి వచ్చిందోనని ఊపిరి బిగబట్టేవాళ్లు. ఖైదీల్ని తీసుకెళ్లే ఆ బండికి జనం పెట్టుకున్న పేరు నల్ల కాకి.

బాబాయి: అతి చేశారు, ఒప్పుకుంటా. అది ఎజోవ్ నిర్వాకం. అందుకే 1938లో అతన్ని పక్కకు తప్పించి, 1940లో కాల్చేశారు. స్టాలిన్ సరిదిద్దాడు కదా!

అమ్మాయి: ఎజోవ్ పోయి బేరియా వచ్చాడు. 1940లో కాతిన్ అడవిలోనూ, మరికొన్ని చోట్లా దాదాపు 22 వేల మంది పోలండ్ వాళ్లను చంపారు. ఆ నిర్ణయం మీద ఉన్నది స్టాలిన్ సంతకమే. అంతకుముందు శిక్షల కోసం పంపిన 383 జాబితాల్లో 40 వేలకు పైగా పేర్లున్నాయి. వాటిలో చాలావాటి మీద ఆయనే సంతకం పెట్టాడు. తెలియదని ఎలా అంటాం?

బాబాయి: మరి యుద్ధం గెలిచింది ఎవరు? లోపల అంత గట్టిగా ఉండబట్టే కదా బెర్లిన్ దాకా వెళ్లారు.

అమ్మాయి: గెలిపించే వాళ్లనే ముందు చంపుకున్నారు బాబాయ్. సైన్యంలో అందరికంటే పై హోదా ఉన్న ఐదుగురు మార్షల్స్‌లో ముగ్గుర్ని మింగేశారు. 1945లో మాస్కో విజయ కవాతును నడిపిన రొకొసోవ్‌స్కీని కూడా 1937లో జైల్లో పెట్టారు, 1940లో వదిలారు. హిట్లర్ దాడి చేయబోతున్నాడని టోక్యో నుంచి సోర్గే కబురు పంపితే స్టాలిన్ నమ్మలేదు. ఊరంతా గూఢచారులే అనుకున్న మనిషి, సొంత గూఢచారి మాట చెవిన పెట్టలేదు.

బాబాయి: నువ్వు అంకెలు చెబుతున్నావు. మేం స్టాలిన్ పేరు చెప్పుకుని పల్లెల్లో కూలీ పోరాటాలు చేశాం తల్లీ.

అమ్మాయి: మీ పోరాటాన్ని నేనేమీ అనడం లేదు. అంకెలు వద్దంటే ఒక్క మనిషి గురించి చెబుతా. వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తమ్ముడు, 1880లో మన హైదరాబాద్‌లోనే పుట్టాడు. బ్రిటిష్ వాళ్లకు దొరక్కుండా యూరప్ అంతా తిరిగి, చివరికి సోవియట్ దేశాన్ని నమ్మి లెనిన్‌గ్రాడ్ చేరాడు. 1937లో అరెస్టు చేసి, సెప్టెంబరు 2న చంపేశారు. 1937, 1938 రెండేళ్లలో కాల్చేసినట్టు వాళ్ల లెక్కల్లోనే ఉన్న 6,81,692 మందిలో ఇలా నమ్మి వచ్చినవాళ్లు ఎందరో!

బాబాయి: చట్టో గురించి మా క్లాసుల్లో చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్‌లో కమిటీ నడిపాడని చెప్పారు.

అమ్మాయి: ఎలా పోయాడో చెప్పారా?

బాబాయి: లేదమ్మా. నేనూ అడగలేదు.