కోత పెట్టిన సొమ్ము ఖాతాకు చేరాలి

పింఛను పాలకుల దయాధర్మం కాదని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబర్ 17న తేల్చిచెప్పింది. ఆ రోజునే ఏటా పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. పింఛను, గ్రాట్యుటీలు రాజ్యాంగంలోని 300-ఎ అధికరణం రక్షించే ఆస్తి అని 2013లో జార్ఖండ్ ప్రభుత్వ కేసులో అదే కోర్టు స్పష్టం చేసింది. అయినా 2024 మార్చి నుంచి రిటైరైన తెలంగాణ ఉద్యోగులు తమకు రావాల్సిన వాటి కోసం హైకోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది. 2021లో విరమణ వయసును 58 నుంచి 61కి పెంచినప్పుడే, మూడేళ్ల తర్వాత ఈ భారమంతా ఒక్కసారిగా మీదపడుతుందని ఆర్థిక శాఖకు తెలుసు. ముందే తెలిసిన ఖర్చుకు నిధులు లేవనడం సమర్థనీయం కాదు.

జీపీఎఫ్ (సాధారణ భవిష్య నిధి) సంగతి మరీ అన్యాయం. అది ఉద్యోగి నెలనెలా తన జీతంలోంచి దాచుకున్న సొమ్ము. కూతురి పెళ్లికో, ఆపరేషన్‌కో అడిగితే బిల్లు ట్రెజరీలో పాసై, ప్రభుత్వ చెల్లింపులు జరిపే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థ ఈ-కుబేర్‌లో నెలల తరబడి ఆగిపోతోంది. దాచినవారి డబ్బును ప్రభుత్వం తన అవసరాలకు వాడుకోవడమే ఇది.

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరి సీపీఎస్ (వాటా చెల్లించే పింఛను పథకం) కిందకు వచ్చిన ఉద్యోగుల నష్టం కంటికి కనిపించదు. మూలవేతనం, డీఏ కలిపి 60 వేలుంటే ఉద్యోగి వాటా 10 శాతం, అంటే 6 వేలు. ప్రభుత్వ వాటా మరో 6 వేలు. ఈ 12 వేలూ ప్రాన్ (శాశ్వత పింఛను ఖాతా నంబరు) ఖాతాకు చేరిన రోజు ధరకే పింఛను నిధి యూనిట్లు వస్తాయి. బదిలీ అయ్యాక ప్రాన్‌ను కొత్త డీడీఓ (జీతాల బిల్లు చేసే అధికారి) కిందకు మార్చకపోయినా, బిల్లుతో పంపే కోతల షెడ్యూల్‌లో ఒక్క అంకె తప్పినా జీతంలో కోత పడుతుంది కానీ ఖాతాలో జమ పడదు. ఆరు నెలలు అలా పోతే 72 వేలు. ఏటా 8 శాతం పెరుగుదల వేసుకుంటే 20 ఏళ్లకు అది సుమారు 3 లక్షల 35 వేలు అయ్యేది. ఆలస్యంగా అసలు జమ చేసినంత మాత్రాన, ఆలస్యమైన కాలానికి రావాల్సిన పెరుగుదల తిరిగి రాదు.

అందుకే పే స్లిప్‌ను, ప్రాన్ లావాదేవీల స్టేట్‌మెంట్‌ను పక్కపక్కన పెట్టుకుని నెలనెలా సరిచూడాలి. ప్రతి నెలకూ రెండు జమలు, ఉద్యోగి వాటా, ప్రభుత్వ వాటా, ఉన్నాయా అన్నదే చూడాల్సింది. డీఏ బకాయిల్లో కోసిన మొత్తాన్ని చాలామంది మర్చిపోతారు, దాన్నీ వెతకాలి. జమ లేని నెలలకు జీతం బిల్లు టోకెన్ నంబరు, తేదీ రాసి డీడీఓకు లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోవాలి. జీపీఎఫ్ వాళ్లు ఏజీ (అకౌంటెంట్ జనరల్) కార్యాలయం ఇచ్చే వార్షిక స్లిప్పులో మిస్సింగ్ క్రెడిట్స్ (జమ కాని నెలలు) ఉన్నాయేమో చూసుకోవాలి. పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లి తర్వాత చెల్లదు. కొత్తది ఇవ్వకపోతే, జరగరానిది జరిగినప్పుడు భార్యాబిడ్డలు వారసత్వ ధ్రువపత్రాల కోసం తిరగాల్సి వస్తుంది.

ఈ పని ఒంటరి ఉద్యోగి వల్ల అయ్యేది కాదు. ముఖ్యంగా మారుమూల మండలంలో పనిచేసే కొత్త టీచరుకు ఐ-పిన్ (ప్రాన్ ఖాతాను ఆన్‌లైన్‌లో తెరిచే పాస్‌వర్డ్) అంటే ఏమిటో చెప్పేవారే ఉండరు. ఇక్కడే ఉద్యోగ సంఘం అక్కరకు రావాలి. సభ్యత్వ రుసుము తీసుకునే సంఘాలు డైరీలు, క్యాలెండర్ల దగ్గరే ఆగిపోకూడదు. ఇందిరాపార్కు ధర్నాలు అవసరమే, పాత పింఛను కోసం పోరాటమూ న్యాయమైనదే. వాటితోపాటు ప్రతి జిల్లా శాఖ ఏటా ఏప్రిల్‌లో సభ్యుల స్టేట్‌మెంట్లు తెప్పించి, జమ కాని నెలల జాబితాను డీడీఓల వారీగా తయారుచేసి ట్రెజరీ అధికారి ముందు పెట్టాలి. ఒక్కరి అర్జీ పక్కన పడేస్తారు. రెండొందల ప్రాన్ నంబర్లతో వెళ్లిన జాబితాను పక్కన పెట్టడం కష్టం. రిటైరవబోయేవారి సర్వీసు రిజిస్టర్లను ఏడాది ముందే పరిశీలించి లోపాలు సరిచేయించే బాధ్యతనూ సంఘాలే తీసుకోవాలి.

ప్రభుత్వం చేయాల్సింది రెండు పనులు. జీతం పడిన నెలలోనే రెండు వాటాలూ ప్రాన్‌లో జమ చేయాలి. ఆలస్యమైతే పెరుగుదల నష్టాన్ని ఖజానా నుంచే భర్తీ చేయాలి. జీపీఎఫ్ బిల్లులను మిగతా బిల్లుల వరుస నుంచి తప్పించి, ఎన్ని ఎంతకాలంగా ఆగాయో ప్రతి నెలా బయటపెట్టాలి.