ఆ ఫొటోలో పురుగు ఏ పాపమూ ఎరగదు

వానలు మొదలయ్యాయో లేదో, బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏటా వచ్చే ఫార్వర్డు ఈసారీ దిగింది. "యాసిడ్ పురుగు! ఒంటిమీద పాకితే చర్మం కాలిపోతుంది. కనిపిస్తే వెంటనే చంపేయండి." కింద నారింజ రంగు పురుగు ఫొటో. పంపింది మూడో ఫ్లోర్ బాబాయిగారు. పదిహేడు మంది దండాలు పెట్టేశారు.

బాబాయిగారూ, అది మన పక్క పురుగే కాదండీ. యూరప్‌లో ఉండే సోల్జర్ బీటిల్, రాగోనికా ఫుల్వా అనే జాతి. సెంటీమీటరు లోపే పొడవు, సన్నటి ఒళ్ళు, ఇటుక రంగుకీ నారింజకీ మధ్య రంగు. రెక్కల కొసలు మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నలుపు. పేరుకి పెంకు పురుగే, పెంకు మాత్రం తోలులా మెత్తన. ఎర్రకోటు సిపాయిల్లా ఉంటాయని ఈ రకానికి ఆ పేరొచ్చింది. ఎర్రగా ఉన్న పాపానికి ఇంగ్లండులో దీన్ని "రక్తం పీల్చేది" అని కూడా అంటారట! పీల్చేది పూల తేనె. నిందలు వేయడానికి వాట్సాపే అక్కర్లేదు.

మన కొత్తిమీర పూతకొస్తే చిన్న తెల్ల గొడుగులు విచ్చుకుంటాయి కదా, ఆ కుటుంబం మొక్కలే అక్కడ రోడ్డు పక్కన, గడ్డి బీళ్ళలో అడవిగా పెరుగుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ గొడుగుల మీదే వీటి కాపురం. తేనె, పుప్పొడి, మధ్యమధ్యలో నంజుకోవడానికి మొక్కల రసం పీల్చే పేనుబంక. ఎప్పుడు చూసినా జంటలు జంటలుగానే, సిగ్గూ ఎగ్గూ లేకుండా. గుడ్లు మట్టిలో పెడతాయి. పిల్లపురుగు రాలిన ఆకుల కింద, గడ్డి మొదళ్ళలో నత్తల్ని వేటాడుకుంటూ చలికాలం దాటించి, ప్యూపాగా మారి, ఎండలు రాగానే రెక్కలతో బయటపడుతుంది. బతుకులో ఎక్కువ భాగం మట్టిలోనే. ఆ ఎర్రకోటు వేషం చివరి కొన్ని వారాలకే.

ఇక మన దగ్గర బొబ్బలు తెప్పించే అసలు "యాసిడ్ పురుగు" పేడెరస్ అనే వేరే పురుగు. అది కుట్టదు, కరవదు. ఒంటిమీద నలిపితేనే దాని లోపలి పెడెరిన్ అనే విషం అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలు లేస్తాయి. అంటే "వెంటనే చంపేయండి" అన్న ఆ ఒక్క ముక్కే అసలు ప్రమాదం! వాలితే ఉఫ్ అని ఊదేయండి, లేదా కాగితం మీదికి ఎక్కించి అవతల పారేయండి. పొరపాటున నలిగితే సబ్బుతో కడుక్కోండి.

ఆ ఫొటో పుణ్యమా అని మొన్న మా చిక్కుడు కుండీ మీద అక్షింతల పురుగుల్ని పిల్లలు చెప్పుతో కొట్టి చంపారు. "ఎర్రగా ఉన్నాయి ఆంటీ" అన్నారు. ఏం చెప్పను? పేనుబంకను తినిపెట్టే పురుగులు పోయాయి, పేనుబంక మాత్రం తీగంతా నిక్షేపంగా ఉంది.

నిన్న రాత్రి మా వంటింటి ట్యూబ్‌లైటు కింద, తెల్ల గోడ మీద, అసలుది కనిపించింది. నల్ల తల, నారింజ మెడ, నడుం మీద నీలంగా మెరిసే పొట్టి రెక్కలు, నల్లటి తోక కొస పైకెత్తి పెద్ద చీమలా గబగబా పాకుతోంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాల్లో బాబాయిగారి జవాబు: "ఇది అది కాదమ్మా, రంగు చూడు. మామూలు చీమే. వేలితో నలిపేయ్."