ఆదివారం మూడు గంటలతో వారం గడవదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. ఆదివారం మూడు గంటలు కష్టపడితే మిగతా ఆరు రోజులూ ఇంటిపని అరగంటలో తేలిపోతుందట. వారానికి సరిపడా వండి ఫ్రిజ్‌లో పెట్టాలి, కూరగాయలన్నీ ఒకేసారి కడిగి తరగాలి, బట్టలు వారానికొకసారే ఉతకాలి, బయటి పనులు ఫోనులోనే ముగించాలి. చివర ఒక మాట: "ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా తీరిక లేదంటే పద్ధతి తెలియకే." ఆ మాట నన్ను నొప్పించింది. పాలకొల్లు పక్క పల్లెలో పాతికేళ్లుగా సంసారం చేస్తున్నాను కాబట్టి ఒక్కొక్కటే జవాబు చెబుతాను.

ముందు వంట. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. మళ్లీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు చల్లగా ఉంటుంది? అన్నం మరునాటికి మించి, కూరలు మూడు నాలుగు రోజులకు మించి దాచకూడదు. ఇడ్లీ పిండి, చింతపండు గుజ్జు, కందిపొడి ముందే చేసుకోవడం మన అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే.

వంటలో మాకు సమయం నిజంగా పోయేది నీళ్ల దగ్గర. సముద్రం దగ్గరి డెల్టా ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన, లేదా సున్నం ఎక్కువ. అందులోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను మెత్తబడనివ్వవు. మా ఇంట్లో గ్లాసుడు కందిపప్పు బోరు నీళ్లతో పెడితే ఆరు విజిల్స్ తర్వాత కూడా పలుకు తగిలింది. అదే పప్పు అరగంట నానబెట్టి, డబ్బా నీళ్లతో పెడితే మూడు విజిల్స్‌కే వెన్నలా మెదిగింది. చింతపండు, టమాటా కూడా పప్పు ఉడికాకే వేయాలి, పులుపు తగిలితే ఉడకడం ఆలస్యమవుతుంది. వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు ఆపాక, ఊరి మంచినీటి చెరువు అడుగంటే కొద్దీ డబ్బాల కోసం తిరగడమే ఒక పని. సందేశం రాసినవారికి ఈ పని ఒకటుందని తెలిసినట్టు లేదు.

కూరగాయల సంగతి చిన్నదే. చిక్కుడు ఈనెలు తీసి పొడిగా దాచుకోవచ్చు. కడిగిన తోటకూర తడితో డబ్బాలో పెడితే రెండో రోజుకే కుళ్లుతుంది, తరిగిన వంకాయ నల్లబడుతుంది. చేపలు, రొయ్యలు తెచ్చిన పూటే వండుకోవాలి.

బట్టలు వారం పాటు పోగేయమనడం మా గాలి తేమ తెలియని సలహా. శ్రావణమాసంలో చెమట బట్టలు మూడు రోజులు గంపలో ఉంటే ముక్కిన వాసన వేస్తాయి, నల్ల మచ్చలు లేస్తాయి. ఆ మచ్చలు ఒక పట్టాన పోవు. పైగా వారం బట్టలు ఒకేసారి ఉతికితే ఆరేయడానికి దండెం చాలదు.

ఫోను మాట మాత్రం ఒప్పుకుంటాను. కరెంటు బిల్లు కోసం వరుసలో నిలబడే బాధ తప్పింది. గ్యాస్ కూడా ఫోనులోనే బుక్ చేస్తాం, కాకపోతే సిలిండరు వచ్చే వేళకు ఇంట్లో ఒకరు ఉండాలి.

ఇక ఆ చివరి మాట. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో ఇద్దరికీ తగ్గింది పది నిమిషాల లోపో, పది నిమిషాలో. మధ్యనున్న మూడు గంటల పైచిలుకు తేడా అలాగే ఉంది. దీన్ని ఆడవాళ్లకు పద్ధతి తెలియకపోవడం అని ఎలా అంటారు? యంత్రం బట్టలు ఉతుకుతుంది. తీసి ఆరేసేది, వాన చినుకు పడగానే పరుగెత్తి తెచ్చేది, మడత పెట్టేది ఎవరు?

మా ఇంట్లో రోజుకు గంట మిగిలింది కిందటేడాది నుంచే. నీళ్ల డబ్బాలు తేవడం, రాత్రి గిన్నెలు తోమడం మావారు తీసుకున్నారు. బట్టలు మడత పెట్టేది మా అబ్బాయి. ఆదివారం నేను పులుసు పెడుతుంటే మావారు అన్నం వార్చేస్తారు, పన్నెండున్నరకల్లా అందరం కలిసి భోజనానికి కూర్చుంటున్నాం.