చివరి సెకనులో పనికొచ్చేది ఏది?

మొన్న మా బావమరిది కారు కొంటానంటే తోడుగా హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక షోరూమ్‌కి వెళ్లాను. సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ నాలుగుసార్లు తెరిచి మూసి చూపించాడు. తర్వాత టాప్ వేరియంట్ దగ్గరికి తీసుకెళ్లి, "సార్, దీంట్లో అడాస్ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ వదిలేసినా అదే పోతుంది" అన్నాడు. అడాస్ అంటే డ్రైవర్‌కు సాయం చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు. కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ ఏ వేరియంట్ నుంచి వస్తుందని అడిగితే మాత్రం బ్రోచర్ తిరగేసి వెతుక్కున్నాడు. మా బావమరిదిదేమో ఇంకో వరస: "మన రోడ్ల మీద ఇవన్నీ దండగ బావా."

ఇద్దరి మాటా తప్పేననిపించింది, అదీ ఒకే కారణంతో. ఇద్దరూ అన్నింటినీ ఒకే మూటలో కట్టేశారు. నిజానికి అందులో రెండు రకాల సరుకు ఉంది. ఒక రకం ప్రయాణమంతా నిద్రపోయి, ప్రమాదం మీదికొచ్చిన చివరి సెకనులో మాత్రమే లేస్తుంది. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఈఎస్‌సీ, తనంతట తానే పడే ఎమర్జెన్సీ బ్రేకు ఈ కోవలోవి. రెండో రకం దారి పొడుగునా మన పని తాను చేసిపెడతానంటుంది. ముందున్న బండిని బట్టి వేగం మార్చుకునే క్రూయిజ్ కంట్రోల్, లేన్ మధ్యలో నడిపించే స్టీరింగ్ అలాంటివి. మొదటి రకానికి మన నుంచి పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండో రకానికి మాత్రం రోడ్డు పద్ధతిగా ఉండాలి, పైగా మనం దాని మీద ఓ కన్నేసి ఉంచాలి. షోరూముల్లో అమ్ముడుపోయేది రెండోదే.

మొదటి రకం సంగతి ముందు చూద్దాం. ఏబీఎస్ మన దేశంలో కొత్త మోడల్ కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, మిగతా అన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. వానకు తడిసిన రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి టైరు జారుతుంది. జారే టైరు స్టీరింగ్ మాట వినదు. ఏబీఎస్ సెకనులో ఎన్నోసార్లు బ్రేకు వదిలి పట్టుకుంటూ చక్రాన్ని తిరగనిస్తుంది. ఆ సమయంలో పాదం కింద పెడల్ గడగడా వణుకుతుంది. చాలామంది ఆ వణుకుకి బెదిరిపోయి, బ్రేకు పాడైందనుకుని కాలు తీసేస్తారు. తీయకూడదు, ఇంకా బలంగా తొక్కిపట్టాలి. డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. కార్లోనేమో ఆ పరికరం ఉంది, దాన్ని వాడుకోవడం మాత్రం కాలికి తెలియదు.

ఈఎస్‌సీకి ఆ గొడవ కూడా లేదు. స్టీరింగ్ ఎటు తిప్పాం, కారు ఎటు పోతోంది అన్న రెండింటినీ పోల్చుకుని, తేడా కనిపిస్తే ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్లు, రోడ్డుకు అడ్డంగా దుప్పి వస్తే తప్పించుకునే పరీక్ష పెడితే మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా కొట్టింది. ఆ దెబ్బకు కంపెనీ ఆ కార్లన్నింటికీ ఈఎస్‌సీ అమర్చింది. మన దగ్గర దుప్పి బదులు గేదె వస్తుంది, అంతే తేడా. వేరే బండి ప్రమేయం లేకుండా అదుపు తప్పి ప్రాణాలు పోయే ప్రమాదాలు ఈఎస్‌సీ వల్ల దాదాపు సగానికి తగ్గుతాయని అమెరికాలోని హైవే భద్రత బీమా సంస్థ లెక్క. కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలిచ్చే, 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కూడా మూడు నక్షత్రాలు, ఆ పైన కావాలంటే ఈఎస్‌సీ ఉండాల్సిందే అంటోంది. కాకపోతే ఆ పరీక్షకు కారు పంపాలా వద్దా అనేది కంపెనీ ఇష్టం.

ఇక ఎమర్జెన్సీ బ్రేకు. ముందున్న బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దీనివల్ల సగం దాకా తగ్గాయని అదే సంస్థ చెప్పింది. వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ఫోన్ వైపు ఒక్కసారి చూసి తలెత్తేసరికి ఆ దూరం అయిపోతుంది. కాబట్టి దండగ అనే మాట దీనికి చెల్లదు. కానీ అదే సంస్థ 2022లో ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. పాదచారులను చూసి ఆగే బ్రేకు వల్ల వాళ్లను గుద్దే ప్రమాదాలు మొత్తం మీద 27 శాతం తగ్గినా, వీధి దీపాలు లేని చీకటి రోడ్ల మీద ఉన్నా లేకున్నా తేడా లేదట. మన ఊళ్లో సర్వీస్ రోడ్ల మీద రాత్రి తొమ్మిది తర్వాత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఔటర్ సంగతి చూడండి. 158 కిలోమీటర్లు, లేన్ గీతలు స్పష్టంగా ఉంటాయి, బైకులు, ఆటోలు రావు, వేగ పరిమితి 120. క్రూయిజ్ కంట్రోల్‌కు, లేన్ అసిస్ట్‌కు రాష్ట్రంలో ఇంతకంటే అనువైన చోటు దొరకదు. అక్కడ పెద్ద భయం ఏమిటంటే, పక్కనో మధ్యలోనో వెనక లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ. సరిగ్గా ఇక్కడే ఈ పరికరం బలహీనం. ముందున్నదాన్ని పసిగట్టేందుకు కారులో ఉండే రాడార్ కదిలే బండిని బాగా పట్టుకుంటుంది. కదలకుండా ఉన్నదాన్ని బోర్డో, రెయిలింగో, వంతెనో అనుకుని వదిలేసే అవకాశం ఎక్కువ. లేకపోతే ప్రతి బోర్డుకూ కారు బ్రేకు వేస్తూ పోవాలి. వేగంగా వెళ్తున్నప్పుడు ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని చాలా కార్లతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవర్ విప్పిన వాళ్లెంతమంది? "స్టీరింగ్ వదిలేసినా పోతుంది" అనే మాట నాకు ఒళ్లు మండించేది అందుకే.

సిటీలోకి వస్తే కథ మారిపోతుంది. స్నేహితుడి కారు తీసుకుని కూకట్‌పల్లి వైపు వెళ్తూ ఒకసారి క్రూయిజ్ ఆన్ చేశాను. ముందు బండికి అది వదిలిన ఖాళీ చూసి ఒక బైకు దూరింది. కారు బ్రేకు వేసింది. మళ్లీ ఖాళీ ఏర్పడింది, ఈసారి ఆటో. వెనకున్నాయన హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. జేఎన్‌టీయూ రాకముందే ఆపేశాను. తప్పు పరికరానిది కాదు. అది నేర్చుకున్న రోడ్డు వేరు, మనది వేరు. ఈ సంగతి మన వాళ్లకు ముందే తెలుసు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ విడుదల చేసింది, అంటే కార్ల కెమెరాలకు మన రోడ్లను నేర్పే చిత్రాల మూట. హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన పదివేల చిత్రాల్లో కెమెరాకు కనిపించే వస్తువులను 34 రకాలుగా విడదీశారు. ఆటోకు, జంతువులకు అందులో విడి విడి వర్గాలున్నాయి. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల పరీక్షకు తిహాన్ అనే ప్రాంగణమూ 2022లో మొదలైంది.

సిటీ డ్రైవింగ్‌కు నన్నడిగితే ఎవరూ గొప్పగా చెప్పుకోని ఫీచర్లే కొంటాను: ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే బైకును అద్దంలో లైటు వెలిగించి చూపే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, అపార్ట్‌మెంట్ గేటులోంచి రివర్స్ తీస్తుంటే అడ్డం వచ్చేవాళ్ల గురించి మోగే అలారం, వెనక బైకు వస్తుంటే డోర్ తీయొద్దని చెప్పేది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లే. కారు భద్రత అంటే లోపల కూర్చున్న నలుగురిదే అనుకుంటే ఈ లెక్క కనిపించదు.

వేగం హెచ్చరిక మాత్రం నాకు మింగుడుపడని విషయం. 2019 జూలై నుంచి ప్రతి కారూ 80 దాటితే ఉండి ఉండి, 120 దాటితే ఆపకుండా మోగాలి. ఔటర్ మీద పరిమితి లోపల వెళ్తున్నా అది మోగుతూనే ఉంటుంది, మనం వినడం మానేస్తాం. 40 పరిమితి ఉన్న ఫ్లైఓవర్ మీద 79లో వెళ్తే నోరు మెదపదు. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి కారు కింద పడి, రోడ్డు పక్కన నిలబడ్డ ఒకావిడ చనిపోయింది. అక్కడి పరిమితి 40. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లు ఆ రోడ్డు పరిమితిని తెలుసుకుని హెచ్చరిస్తాయి. మనకు కావాల్సింది అది. దానికంటే ముందు పరిమితి బోర్డులు ఫ్లెక్సీల వెనక దాక్కోకుండా ఉండాలనుకోండి.

అన్నింటికంటే చవకైనది సీటు బెల్టు గుర్తుచేసే బీప్. దాని నోరు మూయించడానికి క్లిప్పులు అమ్ముతుంటే, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశిస్తే ఐదు ఆన్‌లైన్ సైట్ల నుంచి 13 వేలకు పైగా ప్రకటనలు తీసేశారు. అంటే కొనేవాళ్లున్నారన్నమాట.

మా బావమరిది చివరికి మధ్య వేరియంట్ కొన్నాడు. అడాస్ లేదు, ఈఎస్‌సీ ఉంది, సన్‌రూఫ్ కూడా ఉంది, అది పిల్లల పట్టు. వాహన పూజకు యాదగిరిగుట్ట బయల్దేరాం. మామయ్యగారు ముందు సీట్లో కూర్చుని, "గుడికే కదరా, ఎందుకు" అని బెల్టు పక్కకు నెట్టారు. బీప్ మొదలైంది. వీధి మలుపు తిరిగేసరికి ఇంకా జోరందుకుంది. "దీని గోల పాడుగాను" అంటూ లాగి పెట్టుకున్నారు.