పొడికి ఇంతవరకూ ఏమీ కాలేదు

కీళ్ళ నొప్పులకు సంతల్లోనూ, బస్టాండ్ల దగ్గరా, ఇంటింటికీ తిరిగీ అమ్మే పొడులు క్షేమమేనా అని కొందరు చదువుకున్నవాళ్ళు అదేపనిగా అనుమానాలు లేవదీస్తున్నారు. ఈ విషయాన్ని నేను ఎనిమిది నెలల పాటు, మా మేనత్త రెండు మోకాళ్ళ సాక్షిగా, ఏ పక్షమూ వహించకుండా పరిశీలించాను. తేలింది ఇది: పొడి పూర్తిగా క్షేమం. దానికి ఇంతవరకూ ఏమీ కాలేదు. దాన్ని ఎవరూ పట్టుకోలేదు, పరీక్షించలేదు, పేరేమిటని కూడా అడగలేదు. అమ్మినవాడూ క్షేమమే; ఫోను స్విచాఫ్‌లో ఉన్నా, ఎక్కడో చల్లగా ఉండే ఉంటాడు. క్షేమం గురించి అడిగేవాళ్ళు ఎవరి క్షేమమో ముందు తేల్చుకుని అడగాలి.

మా అత్తయ్యకి డెబ్భై దాటాయి. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నాడు ఎముకల డాక్టరు. ఒళ్ళు తగ్గాలన్నాడు. కుర్చీలో కూర్చుని రోజూ కాలు చాచి తొడ కండకి పని చెప్పమన్నాడు. నొప్పి మరీ ఎక్కువైతేనే మాత్ర వేసుకోమన్నాడు, అదీ పరగడుపున వద్దన్నాడు. ఇందులో ఒక్క ముక్కయినా వినసొంపుగా ఉందా? అయిదు వందలు ఫీజు కట్టి, "నువ్వు లావుగా ఉన్నావు" అనిపించుకుని రావడమా? అది మా ఆడపడుచులు ఊరికే అంటారు అంది అత్తయ్య.

సంతలో మనిషి అలాంటివాడు కాదు. మైకు పక్కన పెట్టి, కింద కూర్చుని, మోకాలి చిప్ప మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "ఇది వాతం తల్లీ. నీ తప్పేమీ లేదు" అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడతో ఆ మాట ఎవరూ అనలేదు. నెల పొట్లం పదిహేను వందలట. పెద్దావిడ కాబట్టి పన్నెండొందలకే ఇచ్చాడు. నూట ఎనిమిది మూలికలు, అమావాస్య రాత్రి తవ్వినవి, ఇనుము తగలకుండా నూరినవి. ఏయే మూలికలో చెబితే మహిమ పోతుంది కాబట్టి చెప్పలేదు. పొట్లం న్యూస్ పేపరులో కట్టి ఇచ్చాడు. ఆ పేపరు మీద తేదీ ఉంది, పేరు ఉంది, ముద్రించిన ఊరు ఉంది. పొడి మీద మాత్రం ఏమీ లేదు.

మూడో రోజుకి అత్తయ్య మేడ మెట్లెక్కి, ఎండబెట్టిన వడియాలు తనే తిరగేసి దిగివచ్చింది. ఇంటిల్లిపాదీ అవాక్కయ్యాం. నెల తిరిగేసరికి ముఖం నిండుగా, గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా తయారైంది. కళ వచ్చిందన్నారు చుట్టాలు. ఆకలి పెరిగింది, ఒంటికి పడుతోందన్నారు. షుగరు పెరిగింది, బంగినపల్లి మామిడి పళ్ళ మీదకి తోశాం. బీపీ పెరిగింది, కోడలి మీదకి తోశాం. చెయ్యి గడపకి తగిలితే చాలు, చర్మం కింద నల్లగా రక్తం గూడు కట్టేది. ముసలితనం అనుకున్నాం. ఇన్ని జరిగినా పొడి మీద చిన్న మచ్చ కూడా పడలేదు. సైడ్ ఎఫెక్టులు లేని మందు అంటే ఇదే. ఎఫెక్టులన్నీ వేరేవాళ్ళ ఖాతాలోకి వెళ్ళిపోతాయి.

దీనితో పోలిస్తే మన పెరట్లో మొక్కలంత చేతకానివి ఉండవు. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో మా నాయనమ్మ కాపడం పెట్టుకునేది. కాపడం పెట్టినంతసేపూ హాయి, గంట గడిస్తే మళ్ళీ మామూలే. జిల్లేడాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి కట్టుకునేది. ఎముకలకి మంచిదని నల్లేరు పచ్చడి చేసేది. నల్లేరు మీద బండి నడక అన్నారు గాని, తిన్న మనిషి నడక మాత్రం ఎప్పటిలాగే ఉండేది. పద్ధతిగా చదువుకున్న ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్ళినా అదే వరస. శొంఠి, గుగ్గులు అంటాడు, పథ్యం అంటాడు, మండలం పాటు వాడి చూద్దాం అంటాడు, నిద్ర ఎలా ఉందని అడుగుతాడు. సీసా మీద లైసెన్సు నంబరు కూడా ఉంటుంది. ఇంత నెమ్మదిగా, ఇంత నిజాయితీగా ఉంటే వ్యాపారం ఎలా సాగుతుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు అననే అన్నారు.

మూడు రోజుల్లో మెట్లెక్కించే మూలిక ఏదో నాకు తెలుసుకోవాలనిపించింది. వృక్షశాస్త్రంలో ఇంతకన్నా విచిత్రం లేదు. 1970ల్లో హాంకాంగ్ నుంచి చుయ్‌ఫాంగ్ తౌకువాన్ అని నల్లటి ఉండలు అమెరికా దాకా వెళ్ళాయి, కీళ్ళనొప్పులకి మూలికలని చెప్పుకుంటూ. పరీక్షిస్తే వాటిలో ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు, డెక్సామెథజోన్ అనే స్టీరాయిడ్ లాంటివి బయటపడ్డాయి. ఇందులో మొదటిది ఇప్పుడు ఎక్కువగా గుర్రాలకి వాడే మందు. మనుషుల్లో ఎముక మజ్జని దెబ్బతీసి, తెల్లకణాలు పుట్టకుండా చేసిన చరిత్ర దానిది. ఇండోనేషియాలో జాము అనే సంప్రదాయ మందు ఉంది. ఒళ్ళునొప్పుల జాము పొట్లాల్లో అక్కడి అధికారులు పట్టుకున్నవాటిలోనూ ఈ రెండూ ఉన్నాయి. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆర్ట్రి కింగ్ అనే మాత్రల మీద వరసగా హెచ్చరికలు చేసింది. డబ్బా మీద దురదగొండి జాతి ఆకు, ఒమేగా-3 అని రాసి ఉంటుంది. లోపల ఉన్నవి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, మళ్ళీ డెక్సామెథజోన్. కాలేయం దెబ్బతిన్నవాళ్ళూ, చనిపోయినవాళ్ళూ ఉన్నారని ఎఫ్‌డీఏకి ఫిర్యాదులు అందాయి.

చూశారా మహిమ! హాంకాంగ్‌లో తవ్వినా, జావాలో తవ్వినా, మా ఊరి సంత వెనక గుట్ట మీద తవ్వినా వేరుకి ఊరేది అదే స్టీరాయిడ్. 1950ల్లో ప్రయోగశాలలో పుట్టిన డెక్సామెథజోన్ వేల ఏళ్ళ నాటి తాళపత్రాల్లో ఎలా దూరిందో పండితులు చెప్పాలి. మందుల షాపులో కారుచవకగా దొరికే మాత్రని దంచి, శొంఠి పొడిలో కలిపితే పన్నెండొందలవుతుంది. వాసన శొంఠిది, పని మాత్రది, పేరు మాత్రం ఋషులది. సీసం, పాదరసం సంగతి ఇక్కడ ఎత్తను. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో ఉందని 2004లో తేలిన కథ వేరే వ్యాసానికి సరిపోతుంది.

ఇక చట్టం. చట్టం లేదని కొందరు తెలియక మాట్లాడతారు. ఎందుకు లేదు, దివ్యంగా ఉంది. 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. పెట్టె మీద దినుసులు, బ్యాచ్ నంబరు, తయారుచేసినవాడి చిరునామా ఉండాలి. అయితే 33ఈఈసీ సెక్షన్‌లో ఒక వెసులుబాటు పెట్టారు: తన రోగుల కోసం తానే మందు చేసుకునే వైద్యుడికీ హకీముకీ ఈ లైసెన్సు అక్కర్లేదు. అరుగు మీద కూర్చుని, నాడి పట్టి చూసి, కల్వంలో నూరి ఇచ్చే పాతకాలపు వైద్యుడి కోసం ఉంచిన కిటికీ అది. ఆ కిటికీలోంచి ఇప్పుడు మినీ వ్యాన్లు దూరిపోతున్నాయి. నాడి చూసేవాడు వైద్యుడైతే, మోకాలు నొక్కేవాడు ఎందుకు కాడు? సంతకి వచ్చినవాళ్ళంతా వాడి సొంత రోగులే, కాదనడానికి మనమెవరం?

1954లో అద్భుత నివారణల ప్రకటనల మీద ఇంకో చట్టం వచ్చింది. నయం చేస్తామని చాటకూడని 54 జబ్బుల పట్టికలో వాతపు నొప్పులు కూడా ఉన్నాయి. ఆ చట్టం రాసినవాళ్ళ ముందుచూపుకి దండం పెట్టాలి: కాగితం మీద రాసినా, నోటితో చెప్పినా, వెలుగుతో, శబ్దంతో, ఆఖరికి పొగతో తెలియజేసినా సరే, అది ప్రకటనే అవుతుందని అందులో ఉంది. పొగతో మోకాళ్ళనొప్పుల మందు అమ్మేవాడు ఇంతవరకూ నాకు తగల్లేదు. మైకులో అమ్మేవాడు మాత్రం ప్రతి ఆదివారం తగులుతున్నాడు, పోలీస్ స్టేషన్‌కి రెండు వందల గజాల దూరంలో. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దొరికితే.

ఆయుర్వేద మందుల ప్రకటనలకి ముందే అనుమతి తీసుకోవాలని 2018లో ఔషధ నియమాల్లో 170వ నిబంధన తెచ్చారు. 2024 జులైలో దాన్ని తీసేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీసెయ్యడాన్ని ఆపింది. మరుసటి ఏడు ఆగస్టులో కేసు ముగిస్తూ, ఆ ఆపడాన్ని కూడా ఎత్తేసింది. లేస్తూ కూర్చుంటూ, కూర్చుంటూ లేస్తూ, ఈ నిబంధనకి కూడా కీళ్ళవాతమే ఉన్నట్టుంది. దానికి కూడా ఒక పొట్లం పంపితే బాగుండు.

ఈ దేశంలో మందుల వల్ల ప్రాణం పోతే ఎవరూ పట్టించుకోరని అనేవాళ్ళకి రాబందుల ఉదాహరణ చెబుతాను. పశువులకి నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులకి మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల నిండా యూరిక్ ఆమ్లపు తెల్లటి పూత పట్టి, వేలూ లక్షలుగా రాలిపోయాయి. మనకి బొటనవేలి కీలులో చేరి గౌటు తెప్పించేదీ ఆ యూరిక్ ఆమ్లమే. 2006లో ప్రభుత్వం పశువులకి ఆ మందు ఆపించింది. మనుషుల పేరు చెప్పి పెద్ద సీసాలు కొని పశువులకి పొడుస్తున్నారని, 2015లో ఇంజెక్షన్ సీసా సైజు కూడా తగ్గించేసింది. జటాయువు వంశానికి ఆపాటి మర్యాద జరగాల్సిందే. పైగా రాబందులకి మనకి లేని సౌకర్యం ఒకటుంది: వాటిని లెక్కపెట్టేవాళ్ళున్నారు. సంత పొడి తిని మూత్రపిండాలు చెడినవాళ్ళని దుర్భిణి పెట్టి లెక్కపెట్టే ప్రేమికులు ఇంకా పుట్టలేదు.

మళ్ళీ అత్తయ్య దగ్గరికి వద్దాం. మోకాళ్ళు ఇంత బాగున్నాయి కదా అని కాశీ ప్రయాణం పెట్టుకుంది. తొమ్మిది నిద్రలు చేసింది, ఘాట్‌లన్నీ ఎక్కి దిగింది. కాశీ వెళితే ఇష్టమైనదేదో ఒకటి వదిలెయ్యాలి. పక్కవాళ్ళందరూ కాకరకాయా, పొట్లకాయా వదులుతుంటే, మా అత్తయ్య అలాంటి దొంగలెక్కల మనిషి కాదు కాబట్టి, అన్నిటికన్నా ఇష్టమైన పొడినే గంగలో వదిలేసింది. వెంట తీసుకెళ్ళిన పొట్లం వెళ్ళిన రోజే నీళ్ళపాలైంది. తిరుగు ప్రయాణంలో రైలు నాగపూరు దాటాక వాంతులు మొదలయ్యాయి. బెజవాడలో దించేసరికి నిలబడే ఓపిక లేదు, మాట కూడా సరిగ్గా రావడం లేదు. బీపీ పడిపోయింది, ఒంట్లో సోడియం పడిపోయింది.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగాడు ఆస్పత్రిలో కుర్ర డాక్టరు.

"ఏ మందులూ వాడను బాబూ. ఒక్క ఆయుర్వేదమే" అంది అత్తయ్య, మగతలోనే.

ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆ ముఖం గుండ్రాన్ని చూశాడు, చేతి మీద మచ్చలు చూశాడు, "మానేసి ఎన్నాళ్ళైంది?" అన్నాడు. ఏమి మానేసిందో మేము ఇంకా చెప్పనే లేదు. తరవాత నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. మూత్రపిండాల మీద చెరో టోపీలా రెండు గ్రంథులుంటాయట. ఒంటికి కావలసిన స్టీరాయిడ్‌ని రోజూ అవే చేసుకుంటాయట. నెలల తరబడి బయటినుంచి వచ్చిపడుతుంటే అవి పని మానేసి పడుకుంటాయట. ఉన్నట్టుండి బయటిది ఆపేస్తే అవి లేవవు, మనిషి లేవడు. నాకు ఆ గ్రంథుల మీద కోపం రాలేదు. పని ఎవరో చేసి పెడుతుంటే ఏ ఉద్యోగి మాత్రం కుర్చీలోంచి లేస్తాడు?

వెంటనే నరానికి హైడ్రోకార్టిజోన్ ఎక్కించారు. అంటే మళ్ళీ ఆ జాతి మందే. మూడో రోజుకి తేరుకుని విషయం తెలుసుకున్న అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది. "చూశావురా, ఇన్ని పరీక్షలూ చేసి చివరికి వీళ్ళూ అదే ఇచ్చారు. ఆ సంత పిచ్చివాడు చీటీ కూడా లేకుండా ఇచ్చాడు" అంది. ఇప్పుడు మోతాదు కాగితం మీద రాసి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రమ్మన్నారు. ఎముకలు ఎంత గుల్లబారాయో వేరే పరీక్ష చెయ్యాలన్నారు. మోకాళ్ళ నొప్పులు మాత్రం తమ చోటికి తాము తిరిగి వచ్చేశాయి, ఏమీ జరగనట్టు.

ఇంట్లో మిగిలిన పొట్లాలుంటే తెమ్మన్నాడు డాక్టరు, లేబుకి పంపిద్దామని. అత్తయ్య లెక్క ప్రకారం బీరువాలో అయిదు ఉండాలి. నేను చూస్తే మూడే ఉన్నాయి. అడిగితే ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. రెండేళ్ళుగా గుమ్మం పట్టుకుని గాని లేవలేని ఎదురింటి మాస్టారు, నిన్న పొద్దున్న మా మెట్లు గబగబా ఎక్కి వచ్చి, కాఫీ తాగి, "అక్కయ్యగారికి ఎలా ఉంది పాపం?" అని పరామర్శించి వెళ్ళారు. ముఖంలో మంచి కళ వచ్చింది ఆయనకి.